మొదటి పంక్తిలో నేను, ఆరో చోట మా మిడత

ఆ రోజుల్లో మా ఇంట్లో పెద్దా చిన్నా అందరికీ ఒక గట్టి నమ్మకం ఉండేది. గడప దాటాక తెలుగులో ఏం మాట్లాడినా అది మాట్లాడనట్టే. తమిళనాడులో, కడత్తూరు పక్కన మా పల్లెలో పదీ పన్నెండు తెలుగు ఇళ్లు. ఏ తాతల నాడో ఎక్కడినుంచో వచ్చి, ఇక్కడి మెట్ట చేలల్లో రాగీ వేరుశనగా పండించుకుంటూ ఉండిపోయిన వాళ్లం. ఇంట్లో తెలుగు, బయట అరవం. బడి, అంగడి, బస్సు, ఆస్పత్రి అన్నీ అరవమే. (దేవుడి దగ్గర కూడా మా అవ్వ మొక్కు అరవంలో మొక్కి, బేరం తెలుగులో ఆడేది.) అందువల్ల తెలుగు మాకు పదిమందిలో ఉన్నా తలుపు వేసుకుని మాట్లాడుకునే గదిలాగా పనికొచ్చేది. అవ్వ బస్సులో ఎదుటి సీటు ఆవిడను నిదానంగా చూసి, "ఈయమ్మ ముక్కు కంటే ముక్కుపుడక పెద్దదిగా ఉండాది చూడు" అని గొంతు ఏమాత్రం తగ్గించకుండా చెప్పేది. ఆవిడ మర్యాదగా నవ్వేది. అవ్వా నవ్వేది. నాకు పదిహేడేళ్లు వచ్చేదాకా ఈ నమ్మకం మమ్మల్ని ఎన్నడూ ముంచలేదు. ముంచింది ఒక్కసారే, అదీ ధర్మపురిలో, పట్టపగలు, బాస్కెట్‌బాల్ కోర్టు నడిమధ్యన.

ఎనభైల నాటి మాట ఇది. నేను ప్లస్ వన్ (అంటే పదకొండు), మా చెల్లెలు తొమ్మిదో తరగతి, ఇద్దరం ఒకే బడి. ఇంట్లో నన్ను నిచ్చెన అనేవాళ్లు. అటక మీది బెల్లం కుండ దించాలంటే మా అమ్మ నిచ్చెన కోసం వెతికేది కాదు, నన్ను కేకేసేది. చెల్లెల్ని మిడత అనేవాళ్లు. నడక రాకముందే గెంతడం నేర్చుకుందని ఇప్పటికీ చెప్పుకుంటారు. బడిలో మా పీటీ టీచరు ఒకరోజు ప్రార్థన అయ్యాక నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఏమ్మా, బాస్కెట్‌బాల్ ఆడతావా? నీ ఎత్తు వృథా పోతోంది" అని అరవంలో అడిగింది. (ఆవిడ మెడలో తాళి కంటే విజిలే ఎక్కువగా కనపడేది కాబట్టి మేం విజిల్ టీచర్ అనేవాళ్లం.) అప్పటిదాకా నా ఎత్తును ఒక గుణంగా చూసినవాళ్లు లేరు. దర్జీ విసుక్కునేవాడు, అమ్మ పెళ్లి గురించి నిట్టూర్చేది. అలాంటిది ఒక టీచరు వచ్చి వృథా పోతోందంటే, నాకు ఆ పూట అన్నం కూడా సహించలేదు. సంతోషం కొద్దీ.

సరే, జట్టులో చేరాను. నాతోపాటు మిడత కూడా చేరింది. నా ఆట గురించి దాచుకునేదేమీ లేదు. రింగు కింద నిలబడి రెండు చేతులూ పైకెత్తడం నాకు బాగా వచ్చు. ఆ తర్వాత ఏం చేయాలో ఎప్పుడూ సందేహమే. బాలు చేతికి వస్తే ఎవరో చంటిపిల్లను ఇచ్చినట్టు జాగ్రత్తగా పట్టుకుని, వాళ్ల అమ్మ ఎవరా అని అటూ ఇటూ చూసేదాన్ని. అయినా నేను మొదటి ఐదుగురిలో ఉండేదాన్ని, ప్రతి ఆటలోనూ. మిడత ఆరోది. విజిల్ టీచర్ దాన్ని ఆట మొదలైన పది నిమిషాలకు, నేను రొప్పడం మొదలుపెట్టాక దింపేది. అది దిగగానే ఆట మారిపోయేది. నా భుజం దాకా కూడా రాని పిల్ల, నలుగురి మధ్యనుంచి బాలును నేలకు కొట్టుకుంటూ జారిపోయి, ఒక్క గెంతుతో రింగులో వేసి, ఏమీ జరగనట్టు వెనక్కి పరిగెత్తేది. మా ఇంటి దొడ్లో కోళ్లగంపకు అడుగు ఊడగొట్టి, వేపకొమ్మకు కట్టి, గుడ్డలు చుట్టిన బంతితో రోజూ సాయంత్రం సాధన చేసేది. (ఆ గంపలో ఉండవలసిన కోళ్లు మా వసారాలో తిరుగుతుండేవి, అవ్వ వాటినీ మిడతనూ కలిపి తిట్టేది.)

దాంతో మా బడిలో ఒక పెద్ద వాదన లేచింది. ఆరో పిల్లను మొదటి ఐదుగురిలో వేయాలా వద్దా? లెక్కల టీచరు వేయాలనేది. ఆయా వేయాలనేది. బడి ఎదురుగా సోడా కొట్టాయన అయితే మా ఆట చూడటానికి కొట్టు వదిలేసి వచ్చి గోడ మీదనుంచి, "ఆ చిన్నపిల్లను ముందే దింపరాదా, మా ప్రాణాలు పోతున్నాయి" అని అరిచేవాడు. విజిల్ టీచర్ ఎవరు అడిగినా ఒకటే మాట, "దాని వేళ దానికుంది" అని. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, దానికి వ్యాఖ్యానం చెప్పే పని నేనే నెత్తిన వేసుకున్నాను. "మొదటి పది నిమిషాలు అన్నిటికంటే కష్టం. ఎదుటి జట్టు బలమంతా అప్పుడే ఉంటుంది. దాన్ని పీల్చేయడానికి నాలాంటి అనుభవం ఉన్నవాళ్లు కావాలి. మేం దున్నిపెట్టిన చేలో అది వచ్చి విత్తనం చల్లుతుంది, అంతే." మధ్యాహ్నం అన్నాల దగ్గర తోటిపిల్లల్ని కూర్చోబెట్టి ఈ ఉపన్యాసం ఎన్నిసార్లు ఇచ్చానో! మిడత పక్కనే కూర్చుని తన డబ్బాలోని సంగటి ముద్దను వేలితో నొక్కుతూ వినేది. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. నాకంటే చిన్నది కాబట్టి నా తెలివికి తలవంచిందనుకున్నాను.

ఇక్కడ మా అవ్వ ఆటను ఎట్లా అర్థం చేసుకుందో చెప్పాలి. మా వాళ్ల పెళ్లిళ్లలో మొదటి పంక్తి భోజనం అంటే మర్యాద. అందులో ఎవరు కూర్చున్నారు, ఎవరు రెండో పంక్తి దాకా నిలబడ్డారు అన్నది ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. అక్క నిలబడి ఉండగా చెల్లెలు ముందు ఆకు వేసుకుని కూర్చుంటే ఆ ఇంటికే మాట వస్తుంది. అవ్వ బాస్కెట్‌బాల్‌ను కూడా ఆ కొలతతోనే కొలిచింది. ముందు ఐదుగురు కూర్చుంటారు, ఎవరైనా లేస్తే ఆరోది ఆ ఆకు దగ్గర కూర్చుంటుంది. మేం ఏ ఊరికి ఆటకు పోయి వచ్చినా, గెలిచారా ఓడారా అని ఒక్కనాడూ అడగలేదు. "మొదటి పంక్తిలో ఎవరే?" అని అడిగేది. "నేనే అవ్వా" అనేదాన్ని. "ఊ" అని వక్క నోట్లో వేసుకునేది. ఆటయిపోయినట్టే ఆవిడకు.

ఆ ఏడాది ఏమైందో ఏమో (ఏమైందో నాకు తెలుసు, మిడత అయింది) మేం గెలుచుకుంటూ గెలుచుకుంటూ జిల్లా ఫైనల్ దాకా పోయాం. ఫైనల్ ధర్మపురిలో, హోసూరు పక్కనుంచి వచ్చే జట్టుతో. విజిల్ టీచర్ మమ్మల్ని నేల మీద కూర్చోబెట్టి ఇంకో సంగతి చెప్పింది. జిల్లా జట్టుకు పిల్లల్ని ఎంచడానికి ఇద్దరు పెద్దలు వస్తారు, సేలంలో శిక్షణ ఉంటుంది. అయితే వాళ్లు మొదటి సగమే చూస్తారు, తర్వాత మగపిల్లల ఆట చూడటానికి వేరే మైదానానికి పోతారు. అది చెబుతున్నప్పుడు ఆవిడ మిడత వైపు చూడలేదు. మిడత మాత్రం ఆవిడ వైపే చూసింది. "మామూలుగానే దిగుతాం" అని చెప్పి ఆవిడ గబగబా లేచిపోయింది. ఆ సాయంత్రం దొడ్లో కోళ్లగంప వైపు బంతి ఎగరలేదు. మిడత వసారాలో కూర్చుని కోళ్లకు గింజలు వేస్తూ ఉండిపోయింది. నేను దగ్గరికి పోయి, పది నిమిషాలు తక్కువైతే ఏం, ఉన్న పది నిమిషాల్లో వాళ్ల కళ్లు తిరిగేలా ఆడు అని ధైర్యం చెప్పాను. అంత ఉదారంగా మాట్లాడినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆదివారం పగటిపూట అవ్వ నాకు తలకు నూనె పెడుతోంది. నూనె పెట్టేటప్పుడు అవ్వ చేతులు ఎంత వేగంగా ఆడితే నోరూ అంత వేగంగా ఆడేది. "ధర్మపురిలో అయినా అంతే. ఆ టీచరమ్మ నాకు మాటిచ్చిండాది" అంది.

"ఏం మాట?" అన్నాను.

"నీకు తెల్దా? మొదట్లో ఆయమ్మ మనింటికి వచ్చిండ్లే? చిన్నదాన్ని ఆటకు పంపండి, రొంబ బాగా ఆడతాది అని బతిమలాడె. నేను ఒకటే చెప్పినా. పెద్దది లేకుండా చిన్నది గడప దాటదు. పెద్దది వస్తే ఊరికే చూస్తా కూర్చునేదానికి రాదు, మొదటి పంక్తిలో కూర్చోపెట్టల్ల. ఒక్కతూరి దాన్ని పక్కన పెట్టినావంటే ఇద్దురూ రారు అంటి. ఆయమ్మ సరి అని ఒప్పుకునె." అవ్వ గెలిచిన సంతోషంతో నా నడినెత్తిన గట్టిగా చరిచింది. "అవ్వంటే ఏమనుకున్నావు మరి!"

నూనె కళ్లలోకి కారింది, మంచిదే అయింది. ఏడుస్తున్నానని అవ్వ అనుకోలేదు. నా ఎత్తు ఎవరికీ కనపడలేదు. నేను ఎవరి బలమూ పీల్చలేదు, ఏ చేనూ దున్నలేదు. నేను చెల్లెలి బస్సు టిక్కెట్టుని, అంతే. విజిల్ టీచర్ ఆ టిక్కెట్టును ప్రతి ఆటలోనూ పది నిమిషాలు చూపించి, తర్వాత లోపలికి మడిచిపెట్టేది. అన్నాల దగ్గర నేనిచ్చిన ఉపన్యాసాలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. తల దువ్వుకోకుండానే దొడ్లోకి పోయాను. మిడత వేపచెట్టు కింద ఉంది.

"నీకు తెలుసునా మే?" అన్నాను.

దేని గురించి అని అడగలేదది. "తెలుసు. ఆ రోజు నేను తలుపు వెనకాల ఉంటి" అంది.

"చెప్పిండొచ్చు కదా?"

"చెప్తే నువ్వు మానుకుంటావు. నువ్వు మానుకుంటే నన్ను పంపరు." అని కాసేపు కాలితో మట్టి గీసి, "నువ్వు అంత సంతోషంగా ఉంటివి కదక్కా. అందుకే చెప్పలేదు" అంది.

ఆ వయసులో నాకు కోపం రావడం తేలిక, మంచితనం రావడం కష్టం. ఆ రోజు మాత్రం కోపం రాలేదు. తొమ్మిదో తరగతి పిల్ల, నా సంతోషం చెడగొట్టకూడదని ఏడాది పొడుగునా సంగటి ముద్ద నొక్కుతూ కూర్చుందే అనుకున్నాను. రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం పన్నాను. అవ్వకు కావలసింది నేను ముందు దిగడం. ఎంతసేపు ఉన్నానని అవ్వ ఎన్నడూ అడగలేదు. ముందు దిగుతాను, రెండు నిమిషాలకు కాలు మెలిక పడుతుంది, మిడత దిగుతుంది. అవ్వ మాటా నిలుస్తుంది, టీచరు మాటా నిలుస్తుంది. ఉపాయం బాగానే ఉంది. దాన్ని నడిపినది నేను కావడమే దానికున్న లోపం.

ధర్మపురి పోయేదాకా బస్సులో విజిల్ టీచర్ నా పక్కనే కూర్చుంది, మిడతతో మాట్లాడటానికి వీలు కాలేదు. కోర్టు దగ్గర కూడా ఒకటే హడావుడి. చివరికి మేం ఐదుగురం సున్నపు గీతల మధ్య నిలబడ్డాక, మిడత అటు బెంచీ మీద, ఆటల స్కర్టు మీద పావాడ కట్టుకుని కూర్చున్నాక (కోర్టులో ఉన్నంతసేపే మోకాళ్లు కనపడాలి, మిగతా వేళ పావాడ కట్టుకోవాలన్నది మా నాయన షరతు) అప్పుడు తీరిక దొరికింది. మా ఇద్దరికీ మధ్య పదిహేను అడుగుల దూరం, చుట్టూ జనం. అయితే ఏం? మనది తెలుగు కదా. గొంతెత్తి పిలిచాను.

"మే మిడతా! రెండు నిమిషాలైనాక నా కాలు మెలిక పడతాది. పావాడ ముడి వదులు చేసుకోని ఉండు, వెంటనే దిగల్ల."

అది బిత్తరపోయింది. "ఏమక్కా నీకు పిచ్చి పట్టిందా? వద్దు! అవ్వకు తెలిస్తే?"

"అవ్వ అడిగేది మొదటి పంక్తిలో ఎవరని. నేను దిగినా కదా? అబద్ధమేముంది? ఆ పుస్తకాలు పట్టుకున్న ఇద్దురూ సగమాటకే లేసిపోతారు. నువ్వు పది నిమిషాలు పోయినాక వస్తే వాళ్లు చూసేదేముంది, నా మొగమా?"

"టీచరు కనిపెడితే?"

"ఆయమ్మకు మన మాట ఏడ తెలుసు? నువ్వు ఊరికే ఉండు. ఎడమ కాలు. గట్టిగా అరుస్తా."

ఎదుటి జట్టులో ఒక పిల్ల, చెవికమ్మలు తగలకుండా రెండు చెవులకూ ప్లాస్టరు అంటించుకున్న పిల్ల, వాళ్ల కెప్టెను, నా వైపు కళ్లార్పకుండా చూస్తోంది. నా ఎత్తు చూసి భయపడిందనుకున్నాను. (పాత అలవాటు, అంత తొందరగా పోదు.) ఆట మొదలైంది. రెండు నిమిషాలు ఎట్లా గడుస్తాయా అని లెక్కపెడుతూ అటూ ఇటూ తిరిగాను. బాలు రింగుకు తగిలి మా మధ్య పడింది. అందరం దాని మీదికి పోయాం. ఇదే అదనని, "అయ్యో!" అని కడత్తూరు దాకా వినపడేలా అరిచి నేల మీద పడి, మోకాలు కడుపులోకి లాక్కుని, రెండు చేతులతో పాదం పట్టుకుని పొర్లాను. నిజం చెప్పాలంటే బాగా చేశాను. రెఫరీ విజిల్ ఊది ఆట ఆపాడు. జనం లేచి నిలబడ్డారు.

ప్లాస్టరు పిల్ల నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నా పాదం వైపు చూసి, మెల్లగా, తేటగా అడిగింది.

"ఎడమ కాలు అంటివి కదక్కా?"

నేను పట్టుకున్నది కుడి కాలు.

ఒక్క క్షణం నాకు ఆ పిల్ల ఏ భాషలో మాట్లాడిందో కూడా అందలేదు. మా గదిలోకి ఎవరో తలుపు తోసుకుని వచ్చినట్టయింది. తలెత్తి చూస్తే వాళ్ల జట్టు ఐదుగురూ నవ్వు ఆపుకోలేక పెదవులు కొరుక్కుంటున్నారు. హోసూరు వైపు ఇల్లిల్లూ తెలుగే అని మాకెవరు చెప్పారు? రెఫరీ వంగి, టోపీ వెనక్కి నెట్టుకుని, నెమ్మదిగా, అదీ తెలుగులోనే, "ఏ కాలో ముందు తేల్చుకోమ్మా, ఆట ఆగిపోయిండాది" అన్నాడు. ఆ మైదానంలో మా మాటలు అర్థం కానిది బహుశా మా జట్టుకూ మా విజిల్ టీచరుకూ మాత్రమే. ఆవిడ గ్లూకోజ్ డబ్బా పట్టుకుని పరిగెత్తుకొస్తోంది పాపం.

నేను ఏ కాలూ తేల్చుకోలేక రెండు కాళ్లూ వదిలేసి కూర్చున్నాను. అయిపోయిందనుకున్నాను. రెఫరీ నిజం చెబుతాడు, టీచరుకు తెలుస్తుంది, నాలుగు రోజుల్లో అవ్వకు తెలుస్తుంది, మిడతకు ఇక ఏ ఆటా ఉండదు. బెంచీ దగ్గర మిడత పావాడ ముడి చేత్తో పట్టుకుని నిలబడి ఉంది, విప్పాలో బిగించాలో తెలియక. దాని మొహం చూస్తే నాకు నిజంగానే నొప్పి పుట్టింది, కాలులో కాదు.

అప్పుడు ప్లాస్టరు పిల్ల లేచి నిలబడి చెయ్యెత్తింది. "కుడి కాలే సార్. నేనే తొక్కితిని. బాగా తొక్కితిని" అంది రెఫరీతో.

రెఫరీ ఆ పిల్లను చూశాడు, నన్ను చూశాడు, బెంచీ దగ్గర పావాడ పట్టుకున్న మిడతను చూశాడు. ఆయనకూ ఒక అవ్వ ఉండే ఉంటుంది. విజిల్ ఊది ఆ పిల్ల మీద ఫౌల్ చెప్పాడు. అటునుంచి వాళ్ల కోచ్ తల పట్టుకుని అరుస్తున్నాడు. ఆ పిల్ల భుజాలు ఎగరేసి తన చోటికి పోయింది. విజిల్ టీచర్, ఇంకొకరు కలిసి నన్ను లేపి నడిపించారు. నేను కుంటుతూ నడిచాను, ఈసారి జాగ్రత్తగా కుడి కాలితోనే. ఎదురొచ్చిన మిడత నన్ను దాటుతూ, "పట్టుకునేది ఏ కాలో కూడా తెల్దా నీకు" అని పళ్ల మధ్యనుంచి అంది. దాని కళ్లు మాత్రం నీళ్లతో నిండి ఉన్నాయి.

నేను బెంచీ మీద దాని పావాడ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, నా జీవితంలో మొదటిసారి మా చెల్లెలి ఆట చూశాను. అంతకుముందు ఎప్పుడూ చూడలేదన్నమాట. అది దిగేసరికి నేను రొప్పుతూ ఉండేదాన్ని, లేకపోతే నా గురించి ఆలోచిస్తూ ఉండేదాన్ని. ఆ పొద్దు చూశాను. బాలు దాని చేతిలోకి వచ్చి చేరేది, మా దొడ్లో కోళ్లు గింజల కోసం దాని దగ్గరికి వచ్చినట్టు. పుస్తకాల పెద్దలిద్దరూ మొదట్లో కబుర్లు చెప్పుకుంటూ ఉన్నారు, కాసేపటికి మాటలు ఆపేశారు, ఇంకాసేపటికి ఒకాయన జేబులో కలం వెతుక్కున్నాడు. నేను మరచిపోయి లేచి నిలబడి, రెండు కాళ్ల మీదా గెంతి, చప్పట్లు కొట్టాను. విజిల్ టీచర్ నా కాళ్ల వైపు చూసింది. నా మొహం వైపు చూసింది. గ్లూకోజ్ పొడి కొంచెం నా అరచేతిలో పోసి, "తిను, నీకూ నీరసంగా ఉంటుంది" అంది. ఆ మాట ఆవిడ ఎంత ప్రేమగా అందో నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది, గ్లూకోజ్ చల్లదనంతో సహా.

ఆటలో మేం మూడు పాయింట్లతో ఓడిపోయాం. ప్లాస్టరు పిల్ల చివర్లో చెలరేగిపోయింది. మాట సాయం చేసినంత మాత్రాన ఆట వదులుకుంటుందా! అయిపోయాక నా దగ్గరికి వచ్చి, "మీ అవ్వకు చెప్పు, మొదటి పంక్తిలో నువ్వే కూర్చుంటివని. నేను సాక్షి" అంది. ఎందుకట్లా అబద్ధం చెప్పావని అడిగాను. చెవి ప్లాస్టరు పీక్కుంది. "మా ఇంట్లో నేను చిన్నదాన్ని. మా అక్క కూడా నాకోసం ఇట్లా ఏడన్నా పడిందేమో, నాకేం తెలుసు? ఇంటికి పోయి అడగల్ల" అంది.

ఇంటికి వచ్చేసరికి సందె వేళ. వసారాలో కూర్చున్న అవ్వ ఎప్పటిలాగానే, "మొదటి పంక్తిలో ఎవరే?" అంది. "నేనే అవ్వా" అని కుంటుకుంటూ లోపలికి పోబోయాను. కాలికేమైందంటే తొక్కిసలాటలో మెలిక పడిందన్నాను. అవ్వ చింతపండూ ఉప్పూ ఉడకేసి పట్టు తయారు చేసుకుని వచ్చి నా ముందు కూర్చుంది. "ఏ కాలు?" అంది.

నోరు తెరిచాను. పొద్దుటినుంచీ అటు కుంటి ఇటు కుంటి, బస్సులో నిద్రపోయి లేచి, నాకు నిజంగా గుర్తు రాలేదు. గుమ్మంలో నిలబడ్డ మిడత తన కుడి కాలు పైకెత్తి చూపించింది. అవ్వ దాన్ని చూసింది, నన్ను చూసింది. తర్వాత నా రెండు కాళ్లూ ఒళ్లోకి లాక్కుని రెండింటికీ పట్టు వేయడం మొదలుపెట్టింది. వేడికి నేను అరుస్తున్నా వినిపించుకోకుండా.

"పెండ్లిలో మొదటి పంక్తిలో కూర్చునేది ఎవురే?" అంది ఉన్నట్టుండి.

"పెద్దవాళ్లు."

"వడ్డించేది?"

"ఇంటోళ్లు."

"ఇంటోళ్లు ఏ పంక్తిలో కూర్చుంటారు?"

కూర్చోరు అన్నాను. అందరూ తిన్నాక తింటారు.

"అయితే ఇకమీద చిన్నది కూర్చోనీ. నువ్వు వడ్డించు" అని గుడ్డ ముడి వేసి, "ఇంటి పెద్దది వడ్డిస్తే మనకు తక్కువేం కాదు. ఎవురన్నా అడిగితే నేను చెప్పుకుంటా" అని లేచి చేతులు కడుక్కోవడానికి పోయింది. గడప దగ్గర ఆగి వెనక్కి తిరగకుండానే, "నడిచేటప్పుడు ఒక కాలే కుంటల్ల, తిక్కదానా" అంది.

మా బడిలో అంత వాదన జరిగిన ప్రశ్న మా వసారాలో ఇట్లా తేలిపోయింది. పదిరోజులకు బడి బోర్డు మీద జిల్లా జట్టు పేర్లు వచ్చాయి. మిడత పేరు ఉంది, ప్లాస్టరు పిల్ల పేరూ ఉంది. సేలంలో మిడత ఒక్కతే ఉండాలంటే అవ్వ ఏమంటుందోనని అందరం భయపడ్డాం. ఎవరెవరు పోతున్నారని అడిగి, హోసూరు పిల్ల తెలుగు పిల్లే అని విని, "మన మాట తెలిసిన పిల్ల ఉంటే ఇంకేం భయం" అని పంపించింది. మన మాట తెలిసిన పిల్ల వల్లే మన గుట్టు బయటపడిందని అవ్వకు మేం చెప్పలేదు. ఆ తర్వాత బడి ముగిసేదాకా నేను మా జట్టుకు వడ్డించాను. నీళ్ల చెంబులూ తువ్వాళ్లూ మోశాను, గ్లూకోజ్ పంచాను, బెంచీ మీద కూర్చుని అందరి పావాడలూ మడత పెట్టాను. చెబితే నమ్మరుగానీ, ఆడిన రోజుల కంటే ఆ రోజులే నాకు బాగా గుర్తున్నాయి.

ఈ తెలుగు అక్షరాలు నేను పెళ్లయి చిత్తూరు వైపు వచ్చాక మా అత్తగారి దగ్గర నేర్చుకున్నవి. మిడతకు తెలుగు చదవడం రాదు. ఆటల కోటాలో వచ్చిన ఉద్యోగంతో అది ధర్మపురిలోనే ఉండిపోయింది. అందుకని ఇది రాసినంతవరకూ దానికి ఫోనులో చదివి వినిపించాను. గ్లూకోజ్ దగ్గర ముక్కు చీదిన చప్పుడు వినపడింది గానీ, జలుబు అంది. ఈమధ్య నాకు మోకాలి నొప్పి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవాల్సి వస్తోంది. ఆ సంగతి చెప్పి నాలుగు మంచి మాటలు ఆశించాను. ఇన్నేళ్లలో నేను తలనొప్పి అన్నా, పంటినొప్పి అన్నా అది అడిగే ప్రశ్న ఒకటే.

"ఏ కాలక్కా?"

ఆ చివరనుంచి దాని నవ్వు వింటూ, సున్నపు గీతల మధ్య కూర్చుని రెండు పాదాలూ మార్చి మార్చి చూసుకుంటున్న ఆ పొడుగుపిల్లను తలుచుకుని నేనూ నవ్వాను. ఎడమ కాలే మే. ఈసారి నిజంగా ఎడమ కాలే.